రబ్బరు కాళ్లు

ముందు తొట్టి నీళ్లలో ముంచి చూడు, చెంగల్రాయా,
బుడగలొస్తాయేమో.
పోయినేడు ఎలక కొరికిన తావుకు
సైకిల్ పంచరు ముక్క అతికించినా.
నమ్మొచ్చు. అయినా చూడు.

సొసైటీలో ఇచ్చేటప్పుడు పది నంబరే ఉండాదన్నారు.
నా కాలు ఆరు.
వేళ్ల ముందర పాత లుంగీ గుడ్డ కుక్కుకున్నా.
అప్పట్నుంచీ నీళ్లలో నాకు నాలుగు కాళ్లు:
లోపలివి రెండు నావి,
బయటివి రెండు ఎవురో మొగోడివి.
ఏమైనా చీర కంటే మేలు.
చీర నీళ్లలో మనమాట వినదు.

ఈ బెల్టు ఉండాదే, దీన్ని చానామంది కట్టరు.
ఊపిరాడదంటారు, అన్నం తిన్నాక బిగువంటారు.
మా ఆయన దీన్ని తీసి సైకిల్ క్యారియరుకి
గడ్డిమోపు కట్టినాడు ఒకసారి.
నువ్వు కట్టు.
రెండు వేళ్లు దూరేంత వదులు చాలు.
భుజాల పట్టీలు చొక్కా మీదనే ఉండాల,
ఒక్క గుంజుకి ఊడి రావాల.

ఇంక దిగు. అటు కాదు,
మునిగిన తుమ్మచెట్లకు ఎడమగా.
ఈ ఆరణియారు అడుగున ఎవురివో చేలుండాయి.
పాత గట్లు, పాత బండిదారి, పాత బాయి.
కాగితాల్లో ఏం రాసుండారో నాకు తెల్దు,
నా అరికాలికి తెల్సు.
ముందు కట్టె, తర్వాత కాలు.
కాలు ఎత్తొద్దు, ఈడ్చు,
నిద్రపోయే బిడ్డ పక్కనుంచి లేచిపోతామే, అట్ల.
కట్టెకు నేల తగల్లేదా,
అక్కడ చేపలున్నా సరే, దేవుడున్నా సరే, వెనక్కి.
నడుం దాటిన నీళ్లు మనయి కాదు.

నేను పడింది కార్తీకంలో.
వలలో బొచ్చె, ఐదు కిలోలకు తగ్గదు.
కన్ను దాని మీద, కట్టె గట్టు మీద.
వెనక్కి ఒక్కడుగేసినా.
వెనక నేల లేదు.

నిండా మునిగినోడికి చలేందంటారే,
ఆ మాటన్నోడు కార్తీకంలో
పిచ్చాటూరు డ్యాంలో మునగలేదు.
రొమ్ము మీదనుంచి లోపలికి జారతా ఉండాయి నీళ్లు.
అందరూ చెప్పే మాటే అప్పుడు గుర్తొచ్చింది:
రబ్బరులో నీళ్లు పోతే రాయే,
అడుక్కి ఈడ్చకపోతాది.
నమ్మినా. కాళ్లు కొట్టుకున్నా.
కొట్టుకునే కొద్దీ మునిగినా.
అలిసిపోయి, చాల్లే అని ఆగినా.

ఆగితే తేలినా.

విను, ఇది నాకెవురూ చెప్పలేదు:
నీళ్లలో నీళ్లకు బరువుండదు.
లోపల నిండిందీ అదే, బయటుండేదీ అదే,
దాన్నది ఎందుకు లాగతాది?
బెల్టు ఆపినంత ఆపింది,
మోకాళ్ల కాడ చిక్కిన గాలి తెప్పయింది.
వెల్లకిలా పడుకొని, మోకాళ్లు పొట్టకు తెచ్చుకొని,
చేతులు రెండూ చాట చెరిగినట్టు, నిదానంగా.
పైన కొంగ ఒకటి నన్ను చూసి
దాని పనిమీద అది పోయింది.
గట్టున కుప్పమ్మ ఏమో అరస్తా ఉండాది,
నా చెవుల్నిండా నీళ్లు.

బరువంతా గట్టెక్కేటప్పుడే అబ్బోడా.
నిలబడబోతే కాలికొక బాన కట్టినట్టుంటాది.
లేవొద్దు. మొసలి మాదిరి పాకు.
బోర్లా పడి కాళ్లు పైకెత్తు, నీళ్లు పోనీ.
చూసినోళ్లు నవ్వతారు.
నవ్వేది వినడానికి నువ్వుంటావు గదా.

బొచ్చె పోయింది.
బాయి మీద ఆ తెల్ల నూనె క్యాను తేల్తా ఉండాదే,
నేనే కట్టినా.
దానికి ఎంత తాడు పట్టిందో చెప్తే
నువ్వీ పొద్దు దిగవు.

రా, ఈ మోకాటిలోతులో పడు.
నిజంగానే, వెనక్కి పడు, నేనుండా.
ఈ పొద్దు చేపలొద్దు,
పడడమే పని.

ఆగాగు.
చొక్కా ఎత్తు.
బెల్టు చూపించు.